దివాలా ముసాయిదాపై ముప్పై ఒకటో అభ్యంతరం

రిటైర్‌మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుందనగా, ఒక ఏప్రిల్‌లో, బిలాస్‌పూర్ రైల్వేలో వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరుగా ఉన్న నా మీద ఒక కొత్త డ్యూటీ పడింది. వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరంటే సిబ్బంది కష్టసుఖాలు కనుక్కుని పై అధికారికి కాగితం పెట్టేవాడు. కష్టం తీర్చాలని మాత్రం ఎక్కడా రాసి లేదు. మామూలు మనుషుల దివాలా చట్టాన్ని మారుస్తామని, ప్రజలు అభిప్రాయం చెప్పాలని ఢిల్లీ నుంచి ముసాయిదా వచ్చింది. మా సిబ్బంది అభ్యంతరాలను పది రోజుల్లో పట్టికలో నింపి ఇమ్మని పర్సొనెల్ ఆఫీసరుగారు ఆదేశించారు. పట్టికలో ఒక్కొక్కరి గోడుకి కేటాయించిన జాగా ఒక్క గీత.

ముసాయిదా ప్రకారం చిన్న అప్పులవాడు తీర్చలేనని అర్జీ పెట్టుకుంటే విచారించి అతని అప్పు కొట్టేస్తారు. అతనికి జామీను ఉన్నవాడికి ఆ దయ వర్తించదు. అప్పిచ్చినవాళ్ళు నేరుగా జామీనుదారు జీతం మీదికి రావచ్చు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మా రైల్వే కుటుంబాల్లో జామీను పెట్టనివాడు లేడు. రైల్వే జీతం స్లిప్పు చూస్తే ఫైనాన్సువాళ్ళకి ప్రాణం లేచొస్తుంది. సంతకం అడిగితే కాదనడం మావాళ్ళలో పెళ్ళికి పిలిస్తే వెళ్ళకపోవడం కన్నా పెద్ద తప్పు. టీ టైములో కాగితం వస్తుంది, గ్లాసు కింద పెట్టకుండానే సంతకం అయిపోతుంది.

రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మీటింగు పెట్టాను. చట్టం ఇంకా ముసాయిదాలోనే ఉన్నా కోపం అప్పుడే అమల్లోకి వచ్చేసింది. తిన్నవాడొకడు, కట్టేవాడొకడా అని కేకలేశారు. కాగితాన్ని తెలుగులో చెప్పింది నేనే కాబట్టి తిట్లూ నాకే దక్కాయి. చదవకుండా సంతకాలు పెట్టి ఇప్పుడు చట్టాన్ని తిడుతున్నారని లోపల నవ్వుకున్నాను. ముప్పై మంది గోడునీ ‘జామీనుదార్ల ఆందోళన’ అని ముప్పై గీతల్లో రాశాను. చేతిరాత బాగుందని ఆఫీసరుగారు మెచ్చుకున్నారు.

ఆ ముప్పైలో ఒకరు అప్పలనరసమ్మ. భర్త పోతే వ్యాగన్ డిపోలో హెల్పరుగా చేరింది. జూలై నెలాఖరున రిటైరై క్వార్టరు ఖాళీ చెయ్యాలి. బిలాస్‌పూర్ దగ్గర బెల్తరాలో రెండు గదులకి గోడలు లేపింది. వానలు పడేలోగా స్లాబు వెయ్యాలి. అదే డిపోలో టెక్నీషియన్ త్రినాథ్ ఊళ్ళోనే మంగ్లా పేటలో భార్య పేరున ఐస్‌క్రీమ్ దుకాణం పెట్టడానికి అప్పు తీసుకుంటే ఈమె జామీను పెట్టింది. ముసాయిదా సంగతి విన్న నెల నుంచే అతను వాయిదాలు ఆపేశాడు. జీతం జప్తుకి కోర్టుకెళ్తామని ఈమెకి నోటీసొచ్చింది. రెండుసార్లు నా దగ్గరికి తెచ్చింది. ప్రైవేటు అప్పుల్లో ఆఫీసు జోక్యం చేసుకోదని చెప్పి, నకలు తీసుకుని ఫైల్లో పెట్టాను. మొదటి పేరా చూస్తే మిగతాది తెలిసిపోయేంత అనుభవం నాది.

మూడోసారి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“బాబూ, ఆ కాయితం పక్క కోటరు టీచరమ్మ సేత సదివించాను. జామీనోళ్ళు ఇద్దరంట. రెండో పేరు మీదేనంట.”

ఫైలు తీశాను. నా పేరే, నా పాత క్వార్టరు నంబరుతో సహా ఉంది. నా నోటీసు అక్కడికి వెళ్ళి ఉంటుంది. నాలుగేళ్ళ కిందట డిపోకి తనిఖీకి వెళ్ళినప్పుడు త్రినాథ్ కాగితం చాపాడు. నా ఎడమ చేతిలో సమోసా ఉంది, కుడి చేత్తో సంతకం పెట్టాను.

“మీకూ జీతం కోస్తారంట. ఇప్పుడు సెప్పండి బాబూ, ఏటి సేద్దాం?” అంది నరసమ్మ.

సిగ్గేసింది. సిగ్గు కన్నా భయం ఎక్కువేసింది. ఆఫీసు జోక్యం చేసుకోదన్న మాట ఆ క్షణమే మరిచిపోయాను. దాని బదులు ప్రవర్తనా నియమాలు గుర్తొచ్చాయి. రైల్వే ఉద్యోగి అప్పులపాలు కాకూడదు. అప్పు వసూలు కేసు గానీ దివాలా అర్జీ గానీ ఉంటే వెంటనే ఆఫీసుకి తెలపాలి. ఇంట్లోవాళ్ళు వ్యాపారం పెట్టినా తెలపాలి. తెలపకపోతే చార్జిషీటు.

మర్నాడు పొద్దున్నే డిపోకి వెళ్ళి అవన్నీ త్రినాథ్‌కి చదివి వినిపించాను.

“టెన్షన్ మత్ లో అంకుల్, కొత్త కానూన్ వస్తోంది కదా. సబ్ మాఫ్,” అన్నాడు.

ఆ చట్టం కన్నా చార్జిషీటు ముందొస్తుందని చెప్పి, దుకాణం సంగతి ఆఫీసుకి ఎప్పుడు తెలిపావని అడిగాను. నెలాఖరుకి రెండు ఫ్రీజర్లు అమ్మి బకాయిలు కట్టాడు. జూన్ మొదటివారంలో నరసమ్మ స్లాబు పడింది.

ఢిల్లీవాళ్ళు గడువు పెంచడంతో పట్టిక ఇంకా మా ఆఫీసులోనే ఉంది. పంపేముందు ముప్పై ఒకటో అభ్యంతరం నాది చేర్చాను. ఒక్క గీత చాలక రెండు కాగితాలు జతచేశాను. ఈ ఉద్యోగి ఒక్కడికే ఇంత బాధేమిటని ఆఫీసరుగారు అడిగారు. నిజమైన బాధ సార్ అన్నాను. నేను రిటైరయ్యాను, ముసాయిదా ఇంకా ముసాయిదాగానే ఉంది.

ఈ ఉదంతం వల్ల నేను నేర్చుకున్నది చట్టం గురించి కాదు. నరసమ్మ మొదటిసారి వచ్చిన రోజు కూడా ఆ నియమాలు నా బల్ల మీది పుస్తకంలోనే ఉన్నాయి. ఆమె ఒక్కతే మునిగేదైతే నేను ఆ పుస్తకం తెరిచేవాణ్ణి కాదు.