యాకూబు మామను ఎత్తుకెళ్ళిన దసరా

కొత్త నూలుబట్టను మొదటిసారి నీళ్ళలో ముంచితే గంజి, నీలిమందు, ఎక్కడో గోదాములో నెలల తరబడి మూలిగిన వాసన అన్నీ కలిసి ఒక్కసారి పైకి లేస్తాయి. మొన్న జనగామలో మా డాబా మీద, కిటికీ తెరల కోసం తెచ్చిన గుడ్డ తడిపి ఆరేస్తుంటే ఆ వాసన తగిలింది. బకెట్ అక్కడే వదిలేసి పిట్టగోడ మీద చాలాసేపు కూర్చుండిపోయాను. నా చిన్నతనంలో దసరా ఆ వాసనతోనే మొదలయ్యేది.

అప్పుడు మేము స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉండేవాళ్ళం. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాసకు, అంటే పితృ అమావాస్యకు, ముందే బాపు ఒక తాను గుడ్డ తెచ్చేవాడు. ఆ ఒక్క తానులోంచే నాకు లంగా జాకెట్టు, తమ్ముళ్ళకు అంగీలు, మిగిలితే దిండు గలీబులు. పండగనాడు మేము ముగ్గురం వరసగా నడుస్తుంటే బ్యాండుమేళం పోతున్నట్టుందని వాడకట్టంతా నవ్వేది. అయినా ఆ గుడ్డను అమ్మ తడిపి, ఆరబెట్టి, మడిచి చేతిలో పెట్టిన నిమిషం నుంచి నా కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. దాన్ని పట్టుకుని దర్జీ యాకూబు మామ ఇంటికి పరుగెత్తేదాన్ని.

వీధి వైపున్న ముందు గదే యాకూబు మామకు దుకాణం. కాళ్ళతో తొక్కే నల్ల మిషను, బొగ్గుల ఇస్త్రీ పెట్టె, గోడకు కొట్టిన మేకులకు కాజాలు తీయాల్సిన అంగీలు, మిషను నూనె వాసన, మెడలో పాములా వేలాడే టేపు, చెవి మీద నీలం సుద్దముక్క. ఆయన ఎవరి కొలతలూ రాసుకునేవాడు కాదు. గడపలో నిలబడ్డ పిల్లను కండ్లద్దాల పైనుంచి ఒకసారి చూసి, "పోయినేటికన్న జానెడు పెరిగినవ్ బిడ్డ" అనేవాడు. మిషను కింద రాలిన గుడ్డపేలికలు మావి. వాటితో బొమ్మలకు చీరలు కట్టి, పెళ్ళిళ్ళు చేసి, బెల్లం ముక్కలతో విందులు పెట్టేవాళ్ళం. బట్టలు ఎప్పుడిస్తావు మామా అంటే మాత్రం ఆయన దగ్గర ఒకటే జవాబు. "రేపు రా బిడ్డ." ఎంతమందికి ఆ రేపు చెప్పేవాడో ఆయనకే తెలియదు.

మా అమ్మ సరోజన గురించి కూడా చెప్పాలి. ఆమెకు డిటెక్టివ్ నవలల పిచ్చి. స్టేషన్ దగ్గరి దుకాణంలో అద్దెకు తెచ్చి, బియ్యం డబ్బా వెనక దాచి, పప్పు ఉడికేలోగా ఒక హత్య, చారు మరిగేలోగా ఒక దొంగతనం చదివేసేది. పొయ్యి మీద మాడువాసన వస్తే నేరస్థుడు దొరికే ఘట్టం వచ్చిందని మాకు తెలిసిపోయేది. బాపు అన్నం ముందు కూర్చుని, "ఇయాల్ల ఎవలు దొరికిన్రే" అని అడిగేవాడు. అమ్మ మూతి ముడుచుకునేది కానీ, దొరికినవాడి పేరు చెప్పకుండా ఉండలేకపోయేది.

ఆ సంవత్సరం బతుకమ్మ సెలవుల్లో, ఆఖరినాటి సద్దుల బతుకమ్మకు ఇంకా రెండు రోజులు గడువుందనగా, తెల్లవారుతూనే ఆడవాళ్ళూ పిల్లలమూ పూలకోసం చెలకల మీద పడ్డాం. ఆ ఉదయాలు ఇప్పటికీ నా కళ్ళముందున్నాయి. మంచుతో తడిసిన తంగేడు కొమ్మలు, వంగితే చెంపలకు తగిలే గునుగు తెల్లదనం, వేళ్ళకు అంటుకునే బంతిపూల పసరు, చెప్పుల నిండా ఎర్రమన్ను. బుట్టలు నింపుకుని వాడలోకి వచ్చేసరికి యాకూబు మామ భార్య రజియత్త చంకలో పిల్లాడితో వీధి మధ్యలో నిలబడి ఉంది. ఆమె నీళ్ళకని బోరింగు దగ్గరికి వెళ్ళి వచ్చేలోగా ముందు గది ఖాళీ అయిపోయింది. మామ లేడు. మిషను లేదు. గోడ పొడుగునా పేర్చిన బట్టల మూటలు ఒక్కటీ లేవు. కిటికీలో ఆయన కండ్లద్దాలు, నేల మీద మా పేలికలు, అంతే. వాడంతా పూలకే పోవడంతో చూసినవాళ్ళూ లేరు.

మధ్యాహ్నానికి ఊరంతా దుకాణం ముందరే ఉంది. సగం ఊరి పండగ ఆ మూటల్లో ఉండె మరి. మొదట అయ్యో అన్నవాళ్ళే కాసేపటికి మాట మార్చారు. భూపాలపల్లిలో బొగ్గుబావుల దగ్గర కొత్త దుకాణం పెడుతున్నాడట అని ఒకరన్నారు. మన బట్టలతోనే పెడతాడు కాబోలు అని ఇంకొకరు. రజియత్త తలుపు దగ్గరగా వేసుకుని లోపల కూర్చుంది. ఆ సాయంత్రం ఆ ఇంటి పొయ్యి వెలగలేదు. అమ్మ జొన్నరొట్టెలు, వంకాయ కూర గిన్నెలో పెట్టి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. రజియత్త పిల్లాడికి తినిపించింది గానీ తను ముట్టలేదు. "అక్కా, ఆయన ఎవలదీ గజం గుడ్డ దాసుకోలె. ఎరుకేనా నీకు?" అని మాత్రం అంది. అప్పటిదాకా నా దిగులంతా పోయిన లంగా గురించే. ఆ మాట విన్నాక ఏడవడానికి సిగ్గేసింది.

మర్నాడు పొద్దున కొమురయ్య జమేదారు వచ్చాడు. ఠాణాలో హెడ్ కానిస్టేబుల్‌ను మా దగ్గర జమేదారనే పిలుస్తారు. పెద్ద పొట్ట, చిన్న లూనా, ఎప్పుడూ నోట్లో వక్కపలుకు. ఆయన బిడ్డ లంగా కూడా ఆ మూటల్లోనే ఉంది కాబట్టి దర్యాప్తు మీద ఆయనకు మామూలుకన్నా శ్రద్ధ ఎక్కువగానే ఉంది. గది నాలుగు మూలలూ చూసి, "మనిషి తనంతట తనే పోయిండు. పెనుగులాడిన జాడ లేదు" అని తేల్చాడు.

అమ్మ ముందుకు వచ్చింది. "జమేదారన్నా, కండ్లద్దాలు లేకుంటె యాకూబన్న సూదిల దారం ఎక్కియ్యలేడు. దుకాణం పెట్టనీకి పోయెటోడు మిషన్ పట్టుకపోయి కండ్లద్దాలు ఇడిసిపెడ్తడా?"

"నవల్లల్ల సంగతులు నవల్లల్లనే ఉండాలె చెల్లె" అన్నాడు జమేదారు. కానీ వక్క నమలడం ఆపేశాడు.

వాళ్ళు మాట్లాడుతుంటే నేను అలవాటు కొద్దీ నేల మీద పేలికలు ఏరుకుంటున్నాను. మిషను ఉండే చోట గోరంత గుండ్రటి అద్దం దొరికింది. జమేదారు చూసి ఏదో పగిలిన అద్దం ముక్క అన్నాడు. అమ్మ దాన్ని వెలుతురులో పెట్టి తిప్పింది. "పగిలింది కాదన్నా. అంచుకు ఎర్రదారం సూడు. రవిక మీదికెంచి ఊడింది. తండా ఆడోళ్ళు వచ్చిన్రు ఈడికి." యాకూబు మామ దగ్గరికి అద్దాల రవికలు వేసుకునే లంబాడీ తండాల వాళ్ళూ బట్టలు తెచ్చేవాళ్ళు, కానీ ఆ రోజుల్లో చుట్టుపక్కల తండాలు ఎన్నో. ఏ తండా అని వెతకాలి?

అక్కడ జమేదారు పనితనం బయటపడింది. అంత బరువు మిషను నెత్తిన పెట్టుకుని ఎవరూ పోలేరు, బండి కావాలి. బండికి డీజిల్ కావాలి. లూనా ఎక్కి బంకు దగ్గరికి పోయి, అరగంటలో ముఖం వెలిగిపోతూ వచ్చాడు. నిన్న పొద్దున్నే ఒక ట్రాక్టరు దేవరుప్పుల తొవ్వ పట్టిందట. ట్రాలీ నిండా ఆడవాళ్ళు, మధ్యలో మూటల మీద ఒక మనిషి, కుట్టుమిషనును చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నాడట. "నవ్వుతుండెనా, ఏడ్తుండెనా?" అని అడిగింది అమ్మ. జమేదారు ఆ సంగతి అడగడం మర్చిపోయాడు. అమ్మ నావైపు తిరిగి కళ్ళెగరేసింది.

జీపు మాట్లాడుకుని జమేదారు, అమ్మ, పిల్లాడితో రజియత్త, నేను బయలుదేరాం. దారిలో కోసిన మక్క చేల వాసన, రోడ్డు మీద ఆరబోసిన కంకులు. టీ హోటలు దగ్గర ఆగి ఆ ట్రాక్టరు సంగతి అడిగితే ఒకాయన నవ్వుతూ తండా దారి చూపించాడు. మట్టిరోడ్డులో కొంతదూరం ఎగిరెగిరి పడ్డాక తండా వచ్చింది. రజియత్త దారి పొడుగునా పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటూనే ఉంది.

జీపు దిగగానే మొదట మిషను చప్పుడు వినిపించింది. తాటాకు పందిరి కింద యాకూబు మామ కూర్చుని జాకెట్టు చేతులు కుడుతున్నాడు. పక్కన చాయ్ గ్లాసు. అటొక పిల్ల, ఇటొక పిల్ల, దారం తెగినప్పుడల్లా సూదిలో ఎక్కించడానికి పోటీ పడుతున్నారు. చుట్టూ తండా తండా ఉంది. మామ మమ్మల్ని చూసి లేవబోయాడు, మిషను తొక్కుడుపలకలో కాలు చిక్కుకుని మళ్ళీ కూర్చున్నాడు.

"ఐసా జాతే క్యా జీ, బోలే బగైర్?" అంది రజియత్త. చెప్పకుండా ఇట్లా పోతారా అని అడిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పిల్లాడు మాత్రం తండ్రి ఒళ్ళోకి దూకి టేపు కొస నోట్లో పెట్టుకున్నాడు.

చేతులకు మోచేతి దాకా తెల్లగాజులు, చెంపల పక్క ఊగే వెండి, ముడతల మధ్య చురుకైన కళ్ళు. పందిరి పక్కన నిలబడ్డ ఆ ముసలామె సక్రి అవ్వ. తండాకు ఆమె మాటే మాట. జమేదారు లాఠీ చంకలో పెట్టుకుని, "మనిషిని ఎత్తుకచ్చుడు కేసైతది, తెల్సా అవ్వ?" అన్నాడు.

"ఎయ్యి" అంది అవ్వ. "ఎన్నిసార్లు బస్సెక్కి పోవాలె సారు మేము? పోయినప్పుడల్ల రేపు రా అంటడు. మీ పట్నపోళ్ళయి అయితయి, మాయి మిగుల్తయి. పోయినేడు మా పొల్లగాండ్లు పాతంగిలల్లనే పండుగ చేసిన్రు. ఈయేడు మేము రావుడెందుకని ఆయన్నే తెచ్చుకున్నం."

"మరి అందరి మూటలు ఎందుకు తెచ్చిన్రు?"

"ఏది మాదో తెల్వకపాయె. అన్ని ఏసుకచ్చినం."

జమేదారు యాకూబు మామ వైపు తిరిగి, "నిన్ను గుంజుకచ్చిన్రా లేదా, నిజం చెప్పు" అన్నాడు.

మామ సక్రి అవ్వను చూశాడు. కొత్త అంగీ సగం తొడిగి, గుండీలు లేక రెండు చేతులతో పట్టుకుని నిల్చున్న పిల్లాణ్ణి చూశాడు. "లేదు సార్. దావతుకు పిలిచిన్రు, వచ్చిన."

"దావతుకు మిషన్ ఎందుకు తెచ్చినవ్?"

"అలవాటు సార్."

ముందు నవ్వింది అమ్మ. తర్వాత సక్రి అవ్వ. చివరికి కళ్ళు తుడుచుకుంటూ రజియత్త కూడా. అసలు సంగతి మామ తర్వాత చెప్పాడు: వాళ్ళు మిషను ఎత్తారు, ఈయన మిషనును వదలలేదు, అంచేత ఆయన్ని కూడా దాంతోపాటే ట్రాలీలో పెట్టారు.

మామను వెంటనే తీసుకుపోవాలన్నాడు జమేదారు. అమ్మ ఒప్పుకోలేదు. అవ్వ అన్నదాంట్లో తప్పేముందని అడిగింది. తండా బట్టలు ముందు అయిపోవాలి, తర్వాతే మనవి, అయితే చేతులు ఎక్కువుంటే రెండూ అవుతాయి అంది. రజియత్త కిటికీలోంచి వెంట తెచ్చిన కండ్లద్దాలు తీసి మామ ముక్కు మీద పెట్టింది. దారాలు ఎక్కించే పిల్లలకు ఉద్యోగం పోయి ముఖాలు చిన్నబోయాయి. అమ్మ కాజాలు తీసింది. తండా ఆడవాళ్ళు అంచులు మడిచి కుట్టారు. వాళ్ళ కుట్టు ఎంత సన్నమంటే అమ్మ పదే పదే తిరగేసి చూసుకుంది. నేను హుక్కులు అందించాను. కాసేపు పక్కన నిలబడి చూసిన జమేదారు టోపీ తీసి మంచం కోడుకు తగిలించి, ఒక అంగీ అందుకుని గుండీ కుట్టడం మొదలుపెట్టాడు. ట్రైనింగులో నేర్పిస్తారట. ఆయన బొద్దువేళ్ళ మధ్య సూది కనిపించేదే కాదు, కానీ గుండీ మాత్రం లాగినా ఊడేది కాదు. మధ్యలో జొన్నరొట్టెలు, కారం నూరిన పచ్చడి, గట్టి పెరుగు వచ్చాయి. మామను ఎత్తుకొచ్చింది నిజంగా దావతుకేనని ఆ రొట్టెలు తిన్నాక జమేదారు కూడా ఒప్పుకున్నాడు.

పొద్దు వాలేవేళకు అదే ట్రాక్టరులో మిషను, మూటలు, మేమంతా ఊరికి వచ్చాం. దుకాణం ముందు గుమిగూడినవాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు. భూపాలపల్లి మాట అన్నాయన వచ్చి మిషను దింపడానికి చెయ్యి వేశాడు. రజియత్త తలుపులు రెండూ బార్లా తెరిచింది.

సద్దులనాడు మా వీధి చూడాలి. హడావిడిలో మూటలు కలిసిపోయి ఒకరి కాలరు ఇంకొకరి అంగీకి పడింది. నా జాకెట్టుకు ఒక చెయ్యి మా తానుది, ఇంకొకటి ఎవరిదో పచ్చగుడ్డది. జమేదారు బిడ్డకు లంగా చీలమండలకు పైనే ఆగిపోయింది. ఎవరూ గొణగలేదు. సత్తుపిండి, నువ్వుల ముద్దలు, పులిహోర ఆకుల్లో పంచుకుంటూ ఎవరి ముక్క ఎవరి ఒంటి మీద ఉందో వెతుక్కుని నవ్వుకున్నాం. మరుసటేడు నుంచి యాకూబు మామ తండా మూటనే ముందు విప్పేవాడు. మాకు మాత్రం రేపు, ఎల్లుండి అయింది.

ఇప్పుడు ఆ ముందు గదిలో ఫోన్లు బాగుచేస్తారు. సక్రి అవ్వ లేదు. కొమురయ్య జమేదారూ పోయాడు. పండగకు మా పిల్లలకు బట్టలు ప్యాకెట్లలో గుమ్మం ముందుకు వస్తాయి. తెచ్చినబ్బాయి పేరు ఏనాడూ అడగలేదు. సరిపోకపోతే వెనక్కి పంపేస్తాం.

యాకూబు మామ మహబూబాబాద్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాడు. కిందటి నెల అమ్మను తీసుకుని వెళ్ళాను. మామకు చూపు బాగా మందగించింది, నన్ను గొంతును బట్టి గుర్తుపట్టాడు. రజియత్త సేమియా చేసింది. కొడుకు రెడీమేడ్ దుకాణంలో పనిచేస్తున్నాడట, కుట్టుపని నేర్చుకోలేదట. మాటల్లో మాటగా అమ్మ తండా సంగతి ఎత్తి, ఇన్నేళ్ళకైనా నిజం చెప్పమంది. "యాకూబన్నా, ఆ పొద్దు ట్రాక్టరు మీద నవ్వినవా, ఏడ్చినవా?"

మామ గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పాడు. "మొదలు ఏడుపొచ్చింది. చెరువు కట్ట దాటినంక నవ్వొచ్చింది. ఇంతమందికి నేను కావాల్నా అనిపించింది సరోజనక్కా." చేత్తో మోకాలు తడుముకుంటూ, ఏదో చిన్న పరాచికం ఆడుతున్నట్టుగానే, "ఇప్పుడు నన్నెవలు ఎత్తుకపోతరు" అన్నాడు.