పన్ను వెనక పన్ను

మా చిన్నప్పుడు... పెదబయలులో చలికాలం పొద్దున్నే, మంచు ఇంకా విడవకముందే అమ్మ నన్ను పెరట్లో కూర్చోబెట్టి పిడకల కచ్చికతో పళ్ళు తోమేది. ఆ ఏడు మాత్రం తోమనివ్వలేదు. నేనే తోముకుంటానని కచ్చిక లాక్కుని, గోడవైపు తిరిగి కూర్చునేదాన్ని. కింది వరసలో ముందు పన్ను కదులుతోంది మరి... అది ఊడిందంటే నా పని అయిపోయినట్టే.

మాది కింద నుంచి కొండ మీదకు బతకడానికి వెళ్ళిన కిరాణా కొట్టు కుటుంబం. నన్ను పార్వతీపురంలో ఇంగ్లీషు మీడియం హాస్టల్లో వేయాలని నాన్న పట్టు. ఏడేళ్ళ పిల్ల, అప్పుడే వద్దని అమ్మ. ఇద్దరూ వారం రోజులు మాట్లాడుకోలేదు. చివరికి నాన్నమ్మ తీర్పు చెప్పింది... పాలపన్ను ఒక్కటైనా ఊడకుండా ఆడపిల్లను ఊరు దాటించకూడదట!

ఆ ఆచారం ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. అమ్మ మొహం చూసి ఆవిడ అప్పటికప్పుడు పుట్టించిందేమో కూడా. నాన్న ఎవరి మాటా వినడు గానీ వాళ్ళమ్మ మాట దాటడు. సరే, పన్ను ఊడితే జూన్‌లో చేరుద్దాం, లేకపోతే పై ఏడు అన్నాడు.

ఇక అప్పటి నుంచి పన్నుకు నేను కాపలా... జామకాయ కొరకను. కాల్చిన మొక్కజొన్న పొత్తు ముట్టను. పూటపూటా చోడి అంబలే, అదే రాగి జావ. అన్నమైతే కుడి దవడతో నెమ్మదిగా నమిలేదాన్ని. ఎవరి మోచెయ్యి తగులుతుందోనని బడిలో ఆటలు మానేశాను. చెప్తే నవ్వుతారు గానీ, ఏడేళ్ళకే అలిసిపోయాను. ఇప్పుడు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడతానే... ఆ అలసటకీ దానికీ పెద్ద తేడా లేదు.

ఒకరోజు నాలుకకి ఆ పన్ను వెనకాల ఏదో గరుగ్గా తగిలింది. అద్దంలో చూసుకుంటే కొత్త పన్ను... అంచు చిన్న రంపంలా ఉంది. పాలపన్ను ఊడకుండానే దాని వెనక వచ్చి నిలబడింది. నేను వీధి గుమ్మం కాస్తుంటే అది పెరటి దారిన వచ్చేసింది. ఇది నాన్న కంటపడితే పాతదాన్ని పీకించేస్తాడు. అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు నాకు.

అమ్మకి దొరికిపోయాను. గడ్డం పట్టుకుని, నోరు తెరిపించి చాలాసేపు చూసింది. ఇప్పుడు నాన్నను పిలుస్తుంది అనుకున్నాను. పిలవలేదు. కొంగుతో నా మూతి తుడిచి, మెల్లిగా ఒక్క మాట అంది.

"మీ నాన్న ముందర నోరు తెరిసి నవ్వకే."

అంతే. ఆ రోజు నుంచి అమ్మా నేనూ ఒక జట్టు. గుంటకి పన్ను ఊడిందేటి అని నాన్న అడిగినప్పుడల్లా, నేను నోరు తెరిచేలోపే అమ్మ ఇంకా నేదు అనేసేది. అది అబద్ధం కాదు కూడా. కానీ అలా అన్న తరవాత అమ్మ ఏదో ఒక పని కల్పించుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. నేను నాన్నతో పెదవులు బిగించుకుని మాట్లాడేదాన్ని, తరవాత అసలు మాట్లాడటమే తగ్గించేశాను.

పాపం నాన్న బెంగ పెట్టుకున్నాడు. గుంట నవ్వడం మానేసింది, జ్వరం తగిలిందేమోనని రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. చింతపండు రోజుల్లో ఒక సంతనాడు, నా కోసమని కొట్టు ముందర పెద్ద కాటాలో నన్ను ఒక పళ్ళెంలో కూర్చోబెట్టాడు. నలుగురిలో గట్టిగా మాట్లాడటానికే మొహమాటపడే మనిషి... రెండో పళ్ళెంలో తానే ఎక్కి కూర్చున్నాడు. నేను గాల్లోకి లేచాను, నాన్న ధబ్బున చింతపండు గుట్టలో పడ్డాడు. విస్తళ్ళు కుట్టే అడ్డాకులు అమ్ముకోవడానికి వచ్చిన ముసలమ్మలు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను... నోరంతా తెరిచి.

నాన్న కూడా నవ్వుతూనే లేచాడు. లేస్తూ నా నోట్లోకి చూశాడు.

"ఇదేటే... ఎనకాల ఇంకోటి వచ్చేసినాది," అన్నాడు.

కోప్పడలేదు. గుమ్మంలో నిలబడ్డ అమ్మ వైపు ఒకసారి చూశాడు, ఆవిడ తల దించుకుంది. నాన్న రెండు వేళ్ళతో పాలపన్ను పట్టుకుని ఇలా లాగాడో లేదో, చేతిలోకి వచ్చేసింది. నొప్పి కూడా లేదు. అన్నాళ్ళు కాపలా కాసింది దీనికా అనిపించింది నాకు. నాన్నమ్మ దాన్ని పేడముద్దలో పెట్టి ఇంటి మీదకు విసిరింది. రేకుల కప్పు కదా, జారి మళ్ళీ వాకిట్లో పడింది. మూడోసారికి నిలిచింది. జూన్‌లో నన్ను పార్వతీపురం బస్సెక్కించారు.

కొత్త పన్ను నెమ్మదిగా తన చోటికి తానే జరిగింది. నాన్నతో మాట మాత్రం మునుపటిలా కలవడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆయన తప్పేం లేదు, నన్ను నవ్వించాలనుకున్నాడు... అంతే.

మొన్న మా పాపకీ అలాగే పన్ను వెనక పన్ను వచ్చింది. డాక్టరు గారు చూసి, చాలామంది పిల్లలకి ఇలా వస్తుంది, ముందుది కదులుతోందిగా, ఊడిపోతుంది, ఊడకపోతే అప్పుడు తీద్దాం అన్నారు. పాపకి అదో గొప్ప... ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపిస్తోంది. సాయంత్రం వాళ్ళ నాన్న రాగానే నోరు పెద్దగా తెరిచి, నవ్వుతూ ఎదురు పరిగెత్తబోయింది. నా చెయ్యి దానంతటదే వెళ్ళి పిల్ల నోటికి అడ్డం పడింది.

ఏమైందమ్మా అంది. ఏం లేదు అన్నాను. దాన్ని ఎక్కడికీ పంపుతామని మా ఇంట్లో ఎవరూ అనలేదు. ఆ చెయ్యి తీయడానికి మాత్రం కాసేపు పట్టింది.

ఇప్పుడు పళ్ళు ఊడేదాకా ఆగమనే నాన్నమ్మలు ఎక్కడున్నారు... మూడేళ్ళకే స్కూలు వ్యాను ఎక్కించేస్తున్నాం. నేనూ ఎక్కించాను. మిమ్మల్ని ఇంకో నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకోవడానికి మీ వాళ్ళు ఏం దాచారో గుర్తుంటే రాయండి... మా అమ్మ మూడు నెలలు దాచింది.