ఊకె రాయి అని చెప్పింది నేనే

నిన్న పొద్దుగాల కత్తిపీట ముందట కూసొని చేపలు గోస్తుంటె, పట్నంనుంచి ఒకాయన వచ్చి రెండు కిలోల రవ్వ చేప తూకం ఏయించుకొని, "ఈ లోపలి సముద్రం జీవావరణం గురించి మీకేమన్నా తెలుసా అమ్మా?" అన్నడు. సముద్రమట! కృష్ణకు అడ్డంగ కట్ట గట్టినంక దేవరకొండ దిక్కు గుట్టల సందులకు ఎగదన్నిన నీళ్లు అవి. మేము ఎనక నీళ్లంటం. ముప్పయ్యేండ్లసంది ఆ నీళ్లల్ల తెడ్డేసి పుట్టి తిప్పుతున్నదాన్ని పట్టుకొని తెలుసా అంటడేంది? నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. పైగ చేతిల నోటుబుక్కు. "నాకేం తెలువది సారూ, పొలుసు తియ్యాల్నా వద్దా చెప్పు" అన్న. నోటుబుక్కుతోని వచ్చేటోళ్లంటె నాకు పడది. దానికో కథున్నది.

మా పాత ఊరు ఆ నీళ్ల కిందనే ఉన్నది. నేను పుట్టేటాల్లకే మునిగింది గని, మా మేనత్త అండ్లనే పుట్టి పెరిగింది. ఆమె మా నాయినకు అక్క. ఆమె కొడుకునే నేను చేసుకున్న. నీళ్లొస్తున్నయని చాటింపు ఏసినంక జనమంత దూలాలు, తలుపులు, గొడ్డూగోదా పట్టుకొని గడ్డకెక్కిండ్రట. బొడ్రాయిని మటుకు ముట్టలేదు. ఊరు కట్టిన్నాడు ఊరి నడుమ పాతిన రాయి అది. మోకాలెత్తు ఉంటది, పైన గుండుగ ఉంటది, అక్షరం ముక్క ఉండది. దాన్ని పెకిలిస్తె ఊరికి అరిష్టమని పెద్దలు ఒప్పుకోలేదు. ఎండలు ముదిరి నీళ్లు బాగ ఎనక్కి పోయిన ఏడాది అది బురదల్నుంచి తలకాయ బయటవెడ్తది. ఆ ఏడు మా మేనత్తకు పండుగే. పసుపు కుంకుమ వెట్టి, బిందెడు నీళ్లు పోసి, వాడకట్టు ఆడోళ్లందరితోని పోయించేది. పెండ్లయిన కొత్తల నేను ఎకసెక్కమాడిన, "ఇన్నేండ్లు నీళ్లల్లనే నానింది గదా అత్తా, మల్ల నీళ్లెందుకు?" అని. ఆమె సంకల బిందె దించకుండనే, "అవి ముంచిన నీళ్లు. ఇవి పోసిన నీళ్లే పిల్లా" అన్నది.

తెలంగాణ వచ్చినంక మా నీళ్లల్ల సర్కారోళ్లు చేపపిల్లలు పోసుడు మొదలైంది. పోసుడు మంచిదే, నేను కాదన. కని ఆ తమాషా జూడాలె! ఒక పెద్దమనిషి తెల్లబట్టలు తడవకుంట పైకెత్తి పట్టుకొని, తొట్టి వంచుతడు. ఫోటోలాయన "ఇంకోసారి సార్" అంటె మల్ల వంచుతడు. నీటికాకులు ఆ ముచ్చట ముందే ఎరుకైనట్టు వచ్చి రాళ్లమీద కూసుంటయి. గోరంత పిల్లలు, ఎండల లారీల వచ్చి సగం తేలిపోయే ఉంటయి. పోసుడైనంక నీళ్లను ఎట్ల కాపాడుకోవాల్నో మాకు చెప్తడు. కాలికి ఇంత బురదంటితె ముక్కు చిట్లించేటోడు మాకు నీళ్ల సంగతి జెప్పుడు! అవతలి ఒడ్డున ఎక్కడోళ్లో వచ్చి దోమతెరంత సన్నటి అలివి వలలు ఏసి, గుడ్డు పిల్ల ఇడవకుంట ఊడ్సుకపోతరు. దాని ఫోటో ఎవడు దియ్యడు. మాకు మిగిలేది జిలేబి చేప. ముండ్లు తప్ప దాండ్ల ఏమున్నది, నా బొంద!

గట్లనే ఒక ఎండకాలం నీళ్లు ఎన్నడు లేనంత ఎనక్కి పోయినయి. ఇండ్ల పునాదులు, రోళ్లు, గురుగులు బయటవడ్డయి. గప్పుడొచ్చిండు ఒక సారు. నెత్తిన టోపి, చేతిల నోటుబుక్కు, పాత రాళ్లమీద పెద్ద సదువు సదివిండట. కుండ పెంకాసు దొరికితె చాలు కండ్లకు అద్దుకునేటోడు. నిరుడు మా పిల్లి పలగ్గొట్టిన కూరకుండ పెంకను గూడ పైలంగ దూదిల సుట్టి సంచిల వెట్టుకున్నడు. వెట్టుకోనీ అనుకున్న. ఆఖరికి బొడ్రాయి కాడికొచ్చి, "దీనికి మీరు పూజలేమైనా చేస్తారా మేడం?" అన్నడు. ఎగువ రేవు కాడ పాత రాళ్లున్నయని ముండ్లతీగె సుట్టి పుట్లు దిగనియ్యలేదని విని ఉన్న. పూజ జేస్తమంటె మా రేవుకు గూడ తీగె సుడ్తరని నా భయం. ఆ పైన మేడం అన్నడాయె! "పూజల్లేవు, ఏం లేవు సార్. మాది గాదు, ఊకె రాయి" అన్న. ఆయన రాసుకొని కింద సంతకం జెయ్యమన్నడు. ఏడో తరగతి సదివినదాన్నని, గుండ్రంగ దిద్ది మరీ చేసిన. నాలుగొద్దులకు మేము వలల మీదున్నప్పుడు ట్రాక్టరొచ్చింది. మేము ఒడ్డుకొచ్చి చూసేవరకు బొడ్రాయి ఉన్నకాడ గుంత మిగిలింది.

మేనత్త తెల్లారే బిందె నింపుకొని, దానికి గుడ్డ గట్టి, బస్సెక్కింది. ఎంబడి నేను. పట్నంల ఆ రాయిని పెట్టిన మ్యూజియం కాడికి పోతె, నీళ్లు లోపలికి తేవద్దని గేటుకాడాయన బిందె పక్కకు వెట్టించిండు. టోపి సారు ఫ్యాన్ కింద కూసొని, "దాంతో ఎవరికీ సంబంధం లేదని మీవాళ్లే రాసిచ్చారు కదమ్మా" అని కాయితం తీసి ఆమె ముందట వెట్టిండు. ఆమెకు సదువు రాదు. "గీ సంతకం ఎవలది పిల్లా? సదువు" అన్నది నాతోని. నా పేరు నాకే కనవడుతున్నది. "సక్కగ లేదత్తా, తెలుస్తలేదు" అన్న. సారు నా మొఖం దిక్కు జూసిండు, జూసి ఊకున్నడు. ఆయన్ను ఎన్ని మాటలన్నా నాకు నోరు నొయ్యది గని, గా ఒక్క దయ జేసినందుకు ఇంకా మండుతది. ఆయన ముందట నేనే సిగ్గులేనిదాన్నైన.

బయట వరండాల రాయి ఉన్నది. కింద బోర్డు. మేనత్త సదవమంటె సదివిన, "స్తంభం ముక్క. కాలం తెలియదు" అని. "తెలువదా?" అని ఆమె ఇంతెత్తున లేసింది. "ఏ కరువుల మనోళ్లు మన ఊరి జాగకొచ్చిండ్రో, ఎవల చేతులతోని దీన్ని పాతిండ్రో మా అవ్వ నాకు చెప్పింది. పిలువు ఆయన్ని, చెప్త, రాసుకోమను." పిలిస్తె ఆ కాయితం మల్ల బయటికొస్తది. "ఇంటికాడ చెప్దువు తియ్యి, బస్సు వోతది" అని రెక్క పట్టి గుంజుకొచ్చిన. తొణకకుంట తెచ్చిన బిందెను తిరిగి మోసుకొచ్చి, ఆ నీళ్లను గుంతల పోసింది. ఇంటికాడ ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. అడిగితె సంతకం మాట వస్తదని ఆ ముచ్చట దరికే పోలేదు. వానలకు నీళ్లొచ్చినయి, ఆ ఏడు చలికాలం ఆమె పోయింది. గా టోపి సారు తెలివిలేక రాయించిన బోర్డు ఆనాడు అబద్ధమే. మేనత్త పోయిన నాటిసంది అది నిజమైంది.