క్రేన్ క్యాబిన్‌లో రెండు చీజ్ ముక్కలు

ఉద్యోగ విరమణకు ఇంకా నాలుగేళ్లు ఉండగా, ఒక జూన్ నెల మొదటి సోమవారం నుంచి నన్ను ఓడరేవు పక్కనున్న మా ఆస్పత్రి శాఖకు వారానికి రెండు రోజుల చొప్పున పంపారు. అప్పటికి నా హోదా సీనియర్ డైటీషియన్. డైటీషియన్ అంటే ఆస్పత్రి వంటగదిలో గంటె తిప్పే మనిషని అనుకునేవాళ్లు అప్పటికీ ఉండేవారు. మా పని వంట కాదు. రోగి ఏం తింటున్నాడో అడిగి తెలుసుకోవడం, లెక్క కట్టడం, ఏం తినాలో కాగితం మీద రాసివ్వడం. రాసిచ్చింది మనిషి ఒంటికి పట్టిందో లేదో రెండు వారాలకోసారి తూకం చెబుతుంది.

ఆ శాఖలో నాకు అప్పగించిన పని సరకు దించే ఒక కంపెనీ క్రేన్ ఆపరేటర్లకు సంబంధించినది. ఆ ఏడాది క్యాబిన్‌లలో కొత్తగా రక్షణ బెల్టులు పెట్టారు. పైన నిప్పు అంటుకుంటే ఆపరేటర్ ఆ బెల్టు కట్టుకుని తాడు మీదుగా నేలకు జారాలి. బెల్టు మోయగలిగింది వంద కిలోలు. బూట్లు, హెల్మెట్ బరువు కూడా అందులోనే. వంద దాటిన వారికి మెడికల్ ఆఫీసర్ మూర్తి గారు మూడు నెలల గడువిచ్చారు. ఆ లోపు దిగకపోతే ఫిట్‌నెస్ కాగితం రాదు. కాగితం లేనివాడు క్రేన్ ఎక్కకూడదు.

జాబితాలో ఐదుగురున్నారు. నలుగురిది రెండు మూడు కిలోల తేడా. ఐదో ఆయన పేరు ఎర్రునాయుడు. బూట్లతో, హెల్మెట్‌తో నూట ఆరు కిలోల నాలుగు వందల గ్రాములు. చీపురుపల్లి వైపు రైతు కుటుంబం నుంచి వచ్చి, మొదట బస్తాలు మోసి, తర్వాత సిగ్నల్‌మన్‌గా చేసి, పద్నాలుగేళ్లకు క్రేన్ సీటు సంపాదించిన మనిషి. సిగ్నల్‌మన్ అంటే కింద నిలబడి, పైనున్న ఆపరేటర్‌కు చేత్తో సైగలు చేసేవాడు. ఫిట్‌నెస్ పోతే ఆయన మళ్లీ ఆ పనికే వెళ్లాలి.

మొదటి రోజు కూర్చుంటూనే చెప్పారు. "నాను పైకి సూసి సెయ్యి ఊపిన రోజులు అయిపోనాయమ్మా. మళ్లీ ఆ సెయ్యి ఊపించకండి."

మా వృత్తిలో మొదటి ప్రశ్న, నిన్న ఈ వేళ నుంచి ఇవాళ ఈ వేళ దాకా ఏం తిన్నారు అని. గుటక నీళ్లు కూడా వదలకుండా అడగాలి. ఎర్రునాయుడు దాపరికం లేకుండా చెప్పారు. ఉదయం ఐదింటికి నాలుగు ఇడ్లీలు. ఆరింటికి క్రేన్ ఎక్కాక పదింటికి రెండు చీజ్ ముక్కలు, పన్నెండింటికి మరో రెండు. రెండింటికి దిగి, ఇంటికెళ్లి అన్నం, రాత్రికి మళ్లీ అన్నం.

చీజ్ అన్న మాట విని నా చేతిలో పెన్ను ఆగింది. నా లెక్కలో అది ద్వారకా నగర్‌లో కోచింగ్ పిల్లలు పిజ్జాల మీద సాగదీసుకు తినే వస్తువు. ఎక్కడిదని అడిగితే, తనతో పాటు క్రేన్ నడిపే బాషా తమ్ముడికి వన్ టౌన్‌లో పాలు, వెన్న అమ్మే దుకాణం ఉందని, అక్కడ నుంచి రేకు కాగితం చుట్టిన ముక్కలు తెచ్చుకుంటానని చెప్పారు.

నేను ఎర్ర పెన్ను తీసుకుని "మానవలసినవి" అనే వరుసలో మొదటి పేరుగా చీజ్ రాశాను.

నేను క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్నగారు సంఘ పెద్ద. ముప్పై ఏళ్లు సండే స్కూల్ పిల్లలకు వాక్యం చెప్పాను. చేయవలసినవి ఒక వైపు, మానవలసినవి ఒక వైపు రాయడం నాకు చిన్ననాటి అలవాటు. ఆస్పత్రిలో కూడా నా చార్టు అలాగే ఉండేది. చీజ్ నిండా కొవ్వు, ఉప్పు. బరువు తగ్గాల్సిన మనిషికి దాంతో పనేమిటి? దాని స్థానంలో పదింటికి మొలకెత్తిన పెసలు, కీర ముక్కలు, పన్నెండింటికి రెండు చపాతీలు, కూర రాసిచ్చాను. మధ్యాహ్నం అన్నం కప్పుతో కొలుచుకోమన్నాను. తిన్నదంతా ఎప్పటికప్పుడు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం కూడా ఇచ్చాను.

రెండు వారాలకు తూకం వేస్తే నూట ఆరు కిలోల తొమ్మిది వందలు. పుస్తకం తెరిస్తే నేను రాసిచ్చింది రాసిచ్చినట్టే ఉంది. పెసలు, కీర, చపాతీ. రాసినట్టే తింటున్నారా అని గట్టిగా అడిగాను. తింటున్నానన్నారు. ఇంకో రెండు వారాలకు నూట ఏడుంపావు. ఈసారి ఆయన నా ముఖం చూడలేదు. మూర్తి గారు ఫైలు చూసి, "మేడమ్, ఈయన వల్ల అవుతుందంటారా? కాదంటే ముందే రాసేస్తాను, కంపెనీ వాళ్లు వేరే మనిషిని చూసుకుంటారు" అన్నారు. రెండు వారాలు ఆగమని అడిగాను. ఏం చేయాలో నాకు తెలిసి అడిగింది కాదు.

ఆ పుస్తకం ఇంటికి తీసుకెళ్లాను. మా గుడిలో తమ తప్పులు ఒప్పుకుని సాక్ష్యం చెప్పడానికి లేచేవాళ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నిజంగా పశ్చాత్తాపంతో విరిగిన మనిషి మాట తడబడుతుంది, వెనక్కి వెళ్తుంది, తప్పు దిద్దుకుంటుంది. పాఠం ఒప్పజెప్పే మనిషి మాట మాత్రం ఇస్త్రీ చొక్కాలా ఉంటుంది. ఈ పుస్తకం ఇస్త్రీ చొక్కాలా ఉంది. ఒక్క కొట్టివేత లేదు. అప్పుడు చూశాను, ఒక్క మరక కూడా లేదు. ఆయన దించేది బొగ్గు. బొగ్గు క్రేన్‌లో కూర్చుని ఎప్పటికప్పుడు రాసిన పుస్తకం మీద నెల రోజుల్లో ఒక్క నల్లటి వేలిముద్రైనా పడదా?

తర్వాతి సారి భార్యను కూడా తీసుకురమ్మని కబురు చేశాను. ఆమె పేరు నూకరత్నం. పుస్తకం బల్ల మీద పెట్టి, ఇది ఎవరి రాత అని అడిగాను.

"ఓలమ్మా, నాదేనమ్మా" అంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "మీ కాయితం సూసి నానే రాసినాను. డబ్బా ఎలాగెల్లినాదో అలాగే వచ్చీసేది. ఆ మొలకలన్నీ పక్కింటి మేక తిన్నాది. నెల్లాళ్లలో అది మాత్రం బాగా పెరిగినాది."

ఎర్రునాయుడు ఆమె వైపు కోపంగా చూశారు. "మేక ఊసు ఇప్పుడు ఏటికే?"

"మరేటి సేయమంటావు? మేడమ్ తిడతాదని డాక్టర్‌కి కన్నా ఎక్కువ బయపడిపోతన్నావు కదా."

మరి క్యాబిన్‌లో ఏం తింటున్నారని అడిగాను. క్రీమ్ బిస్కెట్లని జవాబొచ్చింది. రోజుకు రెండు పొట్లాలు, ఒక్కోసారి మూడు. డబ్బా ఎందుకు తెరవలేదంటే మాత్రం, "అక్కడ కుదర్దమ్మా" అని ఊరుకున్నారు. ఎందుకు కుదరదో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి ఆ పూట కొంచెం కష్టపడ్డాను.

కంపెనీ సేఫ్టీ ఆఫీసర్‌ను అడిగి గేట్ పాస్ తీసుకుని, హెల్మెట్ పెట్టుకుని బెర్త్ దగ్గరకు వెళ్లాను. బెర్త్ అంటే ఓడ ఆగే గట్టు. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక రోగి తినే చోటును చూడడానికి వెళ్లడం అదే మొదటిసారి. ఎర్రునాయుడు పైన ఉన్నారు. క్రేన్ చివరనున్న పెద్ద ఇనప దోసిలిని వీళ్లు గ్రాబ్ అంటారు. అది ఓడలోకి దిగి బొగ్గు పట్టి తెచ్చి లారీలో పోస్తోంది. అప్పుడే పక్క క్రేన్‌లో పని ముగించి దిగిన బాషా నా దగ్గరకు వచ్చారు. సన్నటి మనిషి, గడ్డం నెరిసింది. నమస్కారానికి ఎత్తిన చేతులను అలాగే తిప్పి నాకు చూపించారు. రెండు అరచేతులూ నల్లగా, గ్రీజుతో మెరుస్తున్నాయి.

"ఏటనుకోకండి మేడమ్. నిచ్చెన పట్టుకుని ఎక్కేసరికే సేతులిలాగైపోతాయి. పైన కుళాయి నేదు. సీసాలో నీళ్లు తాగడానికే. ఈ సేతుల్తో సెపాతీ తుంచితే సెపాతీ తిన్నట్టా, బొగ్గు తిన్నట్టా?"

చెంచాతో తినవచ్చు కదా అన్నాను. లారీకి లారీ మారే రెండు నిమిషాల్లో గ్రాబ్ కిందికి దించి ఆపి, ఆ సందులోనే తినాలని, ఒడిలో డబ్బా పెట్టుకుని మూత తీసేలోపు కింద హారన్ కొడతారని చెప్పారు. భోజనానికి దిగే హక్కు ఉంది కదా అంటే, ఉందన్నారు. ఎర్రునాయుడిని ఆయన స్నేహం కొద్దీ బావ అనే పిలుస్తారు. "మా బావకి మోకాళ్లు కదండీ. అన్ని మెట్లు దిగి మళ్లీ ఎక్కలేడు. ఒకసారి ఎక్కితే డ్యూటీ అయ్యేదాకా అక్కడే." అరటిపండు సంగతి అడిగాను. తిన్న అరగంటకు మళ్లీ ఆకలని నవ్వారు.

తర్వాత జేబులోంచి ఒక చీజ్ ముక్క తీసి, తినే పద్ధతి చూపించారు. రేకు కాగితాన్ని పై సగం విప్పి, కింది సగం కాగితంతోనే పట్టుకుని కొరకడం. చివరి ముక్కను కాగితం కింద నుంచి నొక్కి నోట్లోకి తోయడం. వేలు ఎక్కడా తగలదు, పొడి రాలదు. మధ్యాహ్నం దాకా కడుపు నిలబడుతుంది. బిస్కెట్ పొట్లం కూడా అలాగే తినవచ్చు. నేను చీజ్ కొట్టేయగానే ఆయన ఆ చేతులకు వీలయ్యే రెండో వస్తువు దగ్గరకు వెళ్లారు.

చేతులు కడుక్కుని, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి తినమని ముప్పై ఏళ్లు పిల్లలకు నేర్పాను. నా చార్టులోని ప్రతి మనిషీ కడిగిన చేతులతో కంచం ముందు కూర్చునే ఉన్నాడు. మా ఇంటి భోజన బల్లను క్రేన్ పైకి ఎక్కించాలని చూశానని ఆ గట్టు మీద తెలిసింది.

ఎర్రునాయుడు దిగాక, తప్పు నాదని చెప్పాను. ఆయన కంగారు పడిపోయారు. "అలాగనకండమ్మా, మీరు సెప్పింది మంచికే కదా." మంచిదే కావచ్చు, మీకు పనికిరాలేదు అన్నాను.

కొత్త చార్టులో పదింటికి ఒకటి, పన్నెండింటికి ఒకటి, మొత్తం రెండు చీజ్ ముక్కలు రాశాను. ఒక్కోటి ఇరవై ఐదు గ్రాములు. దానిలోని మాంసకృత్తులు ఆకలిని నిలబెడతాయి. కొవ్వు ఉంది కాబట్టి మధ్యాహ్నం కూరలో నూనె సగానికి తగ్గించాలి. ఉప్పు ఉంది కాబట్టి ఊరగాయ, ఎండు చేపలు మానాలి. బీపీ వారం వారం చూపించుకోవాలి. పదింటి ముక్కతో పాటు ఒక అరటిపండు. బిస్కెట్లు పూర్తిగా బంద్. కీర, మొలకలు, కూరగాయలు అన్నీ ఇంట్లో, కడిగిన చేతులతో, అన్నం కంటే ముందు. అన్నం కొలత పాతదే. ఎండు చేపల మాట దగ్గర ఆయన బేరం పెట్టారు. "ఆదివారం ఒక్కటమ్మా, ఒక్క సేప." నేను ఒప్పుకోలేదు. నూకరత్నం ఒప్పుకుందని తర్వాత పుస్తకం చూస్తే తెలిసింది. ఆ పుస్తకం నిండా నల్లటి వేలిముద్రలు, కొట్టివేతలు. ఒకచోట "బిస్కెట్ 4, బాసా పెట్టినాడు" అని ఉంది. అలాంటి పుస్తకం చూడడం నాకు ఎంత సంతోషమో ఆయనకు చెప్పలేదు.

బరువు దిగడం మొదలైంది. నూట అయిదున్నర, నూట నాలుగు, నూట రెండు. గడువు తేదీన మూర్తి గారి గదిలో బూట్లతో, హెల్మెట్‌తో తూకం ఎక్కితే వంద కిలోల నాలుగు వందల గ్రాములు. తోడు వచ్చిన బాషా, "ఒకపాలి హెల్మెట్ తీసీ బావా" అన్నారు. నేను మూర్తి గారి వైపు చూశాను. అడగాలనిపించింది కానీ అడగలేదు. నిప్పు అంటుకున్న రోజున తాడు ఆ నాలుగు వందల గ్రాములను వదిలేయదు. మూర్తి గారు ఫిట్‌నెస్ కాగితం ఆపి, రెండు వారాల్లో మళ్లీ తూకానికి రమ్మని రాశారు.

ఆ రెండు వారాలు ఎర్రునాయుడు కింద నిలబడి, పైన బాషాకు చెయ్యి ఊపారు. నేను కొత్త చార్టు ఇస్తానంటే, పాతదాన్నే ఆయన సొంతంగా దిద్దుకొచ్చారు. చీజ్ రెండు ముక్కలూ కొట్టేసి ఉన్నాయి. ఎందుకని అడిగాను.

"కింద కుళాయుంది కదమ్మా. సేతులు కడుక్కుని డబ్బా తింతన్నాను. మొలకలు కూడా. పక్కింటి మేక సిక్కిపోనాది."

రెండు వారాల తర్వాత తొంభై తొమ్మిది కిలోల వంద గ్రాములు. మూర్తి గారు సంతకం పెట్టారు. ఎర్రునాయుడు ఆ కాగితాన్ని తోడు వచ్చిన నూకరత్నానికి ఇచ్చి, తిన్నగా సింహాచలం వెళ్లి కొండ ఎక్కొస్తామన్నారు. మోకాళ్ల సంగతి నేను అడగకముందే, మెట్ల మీదుగానే వెళ్తామని నొక్కి చెప్పారు. నేను ఆ సాయంత్రం మా గుడిలో మోకరించి, ఆయన కోసం, బాషా కోసం ప్రార్థించి, నా పొరపాటును ఇంకొకరి జీవనోపాధి పోకముందే నాకు చూపించినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను. మరుసటి సోమవారం నుంచి ఆయన చార్టులో చీజ్ మళ్లీ చేరింది. క్రేన్ ఎక్కారు కాబట్టి.

బరువు తగ్గాలనుకునే వాళ్లు చీజ్ తినవచ్చా అని ఇప్పటికీ నన్ను అడుగుతారు. కొలిచి తింటే, ఇంకేదో మాని దాని స్థానంలో తింటే, ఉప్పు సంగతి చూసుకుంటే, తినవచ్చు. ఉన్నదాని మీద అదనంగా వేసుకుంటే వద్దు. ఈ జవాబు ఏ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఎర్రునాయుడు దగ్గర నేర్చుకున్నది మాత్రం మా ఫారంలో లేదు. ఆ నెలలోనే "ఏం తింటారు, ఎంత తింటారు" అనే రెండు గడుల కింద నా చేత్తో మూడో గడి గీశాను. ఎక్కడ కూర్చుని, ఎలాంటి చేతులతో తింటారు అని. రిటైర్ అయిన రోజు వరకు చార్టు రాసే ముందు ఆ గడినే మొదట నింపాను.