వరసలో వంటవాడు

మా అన్నయ్య పనిచేసే చోట కట్టుడు పళ్లు చేస్తాడు. ఇంటికొచ్చాక అవే సన్నటి పనిముట్లతో వేలెడంత సిపాయి బొమ్మలు చేస్తాడు. చరిత్ర దగ్గర మాత్రం మహా చాదస్తం. ఒక దళం చొక్కాకి గుండీలు ఐదేనని ఆలస్యంగా తెలిసి, ఆరు పెట్టిన పన్నెండు బొమ్మల్నీ గీకి మళ్లీ చేశాడు. "ఆ ఒక్క గుండీ ఎవరు చూస్తారన్నయ్యా?" అన్నందుకు నా మీద ఇంతెత్తున లేచాడు.

నాన్న ఇరవై ఏళ్లు సైన్యంలో వంట చేశాడు. ఆ గరిటే మా ఇద్దర్నీ చదివించింది.

మొన్న అన్నయ్య నాన్న ఉన్న దళాన్నే చేసి తెచ్చాడు. వంటవాడి బొమ్మకి అచ్చు ఎక్కడా దొరకదట. అందుకని ఒక సిపాయి చేతిలో తుపాకీ కోసేసి గరిటె అతికించాడు. నాన్న భూతద్దం పెట్టి చూశాడు. గరిటె ఎడమ చేతిలోనే ఉంది, నాన్నది ఎడమచేతివాటం. నడుముకు కట్టిన గుడ్డ ముడి కూడా ఆయన వేసుకున్నట్టే పక్కకి ఉంది.

"అంతా బాగుంది గానీ, వంటవాణ్ణి అందరికంటే ముందు నిలబెట్టావేంట్రా? మేమెప్పుడూ వెనకే కదా! పెద్ద చరిత్ర తెలిసినవాడివి!" అన్నాడు.

తప్పు పడితే అగ్గి మీద గుగ్గిలమయ్యే అన్నయ్య తల దించుకున్నాడు.

"తెలుసు నాన్నా. తెలిసే పెట్టాను."

నాన్న మళ్లీ భూతద్దం ఎత్తి ఆ వంటవాణ్ణే చూశాడు.

"మరి పొయ్యి దగ్గర ఎవరున్నార్రా?" అన్నాడు చివరికి. బొమ్మని మాత్రం కదపలేదు.