నజీరా అత్త నవ్వని నవ్వు

సలువా మన్సూర్ ఐదు నవలలు రాసింది. జనం చదివింది మొదటిదొక్కటే. మిగతా నాలుగింటికీ రాజధాని బొగోతాలోని పత్రికలు మర్యాదకు కాస్త చోటిచ్చి ఊరుకున్నాయి. తేడా ఎక్కడుందో ఆమెకు అందరికంటే ముందే తెలుసు. మొదటి నవలలో మనుషులు మాట్లాడుకుంటారు. తర్వాతి వాటిలో ఆమె ఒక్కతే మాట్లాడుతుంది.

మొదటి నవలలోని ఆ మాటలు ఆమెకు పుట్టింట్లో దొరికినవే. సీనూ నది ఒడ్డున లోరికాలో వాళ్ళ నాన్నకు బట్టల కొట్టుండేది. లెబనాన్ నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. ఊరంతా వాళ్ళను తుర్కులని, అంటే టర్కీవాళ్ళని, పిలిచేది. కాదు మొర్రో అని చెప్పీ చెప్పీ నాన్న విసుగొచ్చి మానేశాడు. సలువా పసిగుడ్డుగా ఉండగానే తల్లి పోతే మేనత్త నజీరా పెంచింది. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. స్పానిష్ మాట్లాడేది గానీ అక్షరం ముక్క చదవలేదు. తాగేసిన కాఫీ కప్పులో మడ్డి గీసిన గీతలు చూసి జరగబోయేది చెప్పడంలో మాత్రం ఆవిడకు పెట్టింది పేరు. ఎండ చల్లబడగానే ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చి కూర్చునేవారు. చిక్కటి కాఫీ తాగి, కప్పు సాసర్లో బోర్లించి, మడ్డి ఆరేలోపు కడుపులో ఉన్నదంతా వెళ్ళగక్కేవారు. అత్త చెప్పేది తక్కువ, వినేది ఎక్కువ. బల్ల కింద బొమ్మతో ఆడుకుంటున్నట్టు నటిస్తూ సలువా కూడా వినేది.

ఎదురింటి ఎనెయిడా ప్రతి శుక్రవారం తప్పకుండా వచ్చేది. ఆమె మొగుడికి పక్క పట్టణం మోంతెరియాలో చిన్నిల్లుంది.

"ఈసారి పండక్కైనా ఇంటిపట్టున ఉంటాడా, నజీరా?"

"దారి కనిపిస్తోందమ్మా. మనిషే ఇంకా కనిపించడం లేదు" అనేది అత్త.

బొగోతాలో ఒక పత్రికలో ప్రూఫులు దిద్దుకుంటూ, ముప్పై నిండకముందే సలువా ఇదంతా నవలగా రాసింది. పేర్లు మార్చింది గానీ మనుషులను మార్చలేదు. బహుమతి వచ్చింది. లోరికాలో పుస్తకం చేతులు మారుతూ ఇల్లిల్లూ తిరిగింది. ఆ తర్వాత నజీరా ఇంట్లో కప్పు బోర్లించడానికి ఒక్క ఆడమనిషీ రాలేదు. ఎదురుపడితే ఎనెయిడా మొహం తిప్పుకునేది.

అత్త సలువాను పల్లెత్తు మాట అనలేదు. పుస్తకాన్ని అద్దాల బీరువాలో పెట్టి, కొట్టుకొచ్చిన వాళ్ళకు "మా పిల్ల రాసింది" అని చూపించేది. గుట్టు బయటపడిందని ఆడవాళ్ళకు కోపమొచ్చింది, నాలుగు రోజులకు అదే చల్లారుతుంది అనుకుంది పాపం. చల్లారలేదు. సలువా పండగలకు వచ్చి, ఎవరైనా వస్తారేమోనని బల్ల దగ్గర చెవులు రిక్కించుకుని కూర్చునేది. ఆమెను చూస్తే రేవులో చేపలమ్మేవాళ్ళు కూడా మాట మార్చేసేవారు. నవలలు రాసేవాళ్ళకు అంతకంటే కరువు ఇంకేముంటుంది?

అరవై దాటాక ఉద్యోగం చాలించి సలువా ఊరికి వచ్చేసింది. అత్తకు తొంభై దగ్గరపడుతున్నాయి.

"నీ పుస్తకం నాకోసారి చదివి పెట్టవే" అంది ఒకరోజు. "ఇన్నేళ్ళూ దుమ్ము తుడవడమే సరిపోయింది."

సలువా చదువుతూ, ఇంట్లో మాట్లాడుకునే అరబ్బీలో చెప్పుకొచ్చింది. అత్త మురిసిపోయింది. "అవునే, ఎనెయిడా అచ్చం అలాగే ముక్కు చీదేది" అంటూ వింది. ఒక పేజీ దగ్గర సలువా గొంతు తగ్గింది. దాటేద్దామనుకుంది. కానీ అత్త ఆమె పెదవులకేసే చూస్తోంది. ఇక తప్పక చదివింది. ఆడవాళ్ళు వెళ్ళిపోయాక అత్త కప్పులు కడుగుతూ, ఒక్కొక్కరి గొంతూ వెక్కిరిస్తూ, కళ్ళవెంట నీళ్ళొచ్చేదాకా నవ్వేదని ఉంది అందులో.

అత్త ఆమెను ఆపింది.

"నేను నవ్వానా?"

"లేదత్తా."

"మరి?"

"అక్కడొక నవ్వుంటే బాగుంటుందనిపించింది."

"ఎవరికి బాగుంటుందే?"

సలువా పుస్తకం మూసేసింది.

"మిగతాదంతా జరిగిందే రాశావు. ఇదీ జరిగిందే అనుకుని ఉంటారు" అంది అత్త. "వెళ్ళి ఎనెయిడాకు చెప్పు. నేను పోయేలోపు ఒక్కసారి వచ్చి కాఫీ తాగి వెళ్ళమను."

ఎనెయిడా వసారాలో ఊగుడు కుర్చీలో ఉంది. విన్నంతసేపూ ఊగి, చివరికి కుర్చీ ఆపింది.

"మా ఆయన పోయినప్పుడు పళ్ళెం నిండా మీ కిబ్బెలు, ఆ మాంసం ఉండలు, చేసి పంపింది ఆవిడ. అలాగే తిప్పి పంపాను. ఇప్పుడొచ్చి ఆవిడ నవ్వనే లేదంటున్నావు. ఇక ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం తొక్కమంటావే? కోపం ఉన్నన్నాళ్ళే నయం."

"అయితే మీరు రారా?"

"రాలేను తల్లీ. వెళ్ళు."

సలువాకు ఏడుపొచ్చింది. ఎనెయిడాను అత్త గుమ్మం దాకా నడిపించుకెళ్ళగల మాట ఒక్కటీ ఆమె దగ్గర లేదు. అయినా వీధి దాటేలోపే, అలవాటైన చెయ్యి కదా, ఇంకో మాట అల్లుకుంది.

అత్త అప్పటికే కాఫీకి నీళ్ళు పెట్టి కూర్చుంది.

"మోకాళ్ళ నొప్పులట అత్తా. తగ్గగానే వస్తానంది. నిన్ను తలుచుకుని ఏడ్చింది కూడా."

అత్త ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"ఇది ఎనెయిడా అన్నదా, నువ్వు రాసిందా?" అని అడిగింది.