పిడికిలి అంటే ఆపు

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మీద నాకు చాలాకాలంగా ఒక ఫిర్యాదు ఉంది. నేను కారు వెనక్కి తీస్తున్నప్పుడు అతను గేటు దగ్గర నిలబడి "రానీ, రానీ" అన్నట్టు చెయ్యి ఊపుతాడు. మంచిదే. కానీ అదే చేత్తో దోమల్ని తోలుకుంటాడు, అదే చేత్తో ఎదురింటి డ్రైవర్ని పలకరిస్తాడు, అదే చేత్తో మెడ గోక్కుంటాడు. ఇందులో ఏది నా కోసమో ఏది దోమ కోసమో తేల్చుకునేలోగా గోడ వచ్చేస్తుంది. మొన్న రెండోసారి వచ్చింది. అసోసియేషన్ సెక్రటరీతో చెబితే "చెయ్యి ఊపడం కూడా తప్పేనాండీ?" అని నవ్వేశాడు. ఆయన్ననుకుని లాభం లేదు. ఊపిన చెయ్యి ఒక మనిషి ఉద్యోగం మీదికి రాగలదని ఆయనకి తెలియదు. నాకు తెలుసు.

ఆ రోజుల్లో, అంటే డెబ్భైల్లో (స్టీలు ప్లాంటు అప్పటికింకా ఒక శంకుస్థాపన రాయి మాత్రమే), విశాఖ రేవులో ఓడలోంచి గోధుమ బస్తా గట్టు మీదికి దిగాలంటే మనుషుల మధ్య ఒక నమ్మకం ఉండాలి. ఓడ కడుపులో కూలీలు పన్నెండేసి బస్తాల్ని తాళ్ళ వలలో పేర్చేవాళ్ళు. డెక్కు మీద వించి నడిపేవాడు ఆ వలని పైకి లాగి, గట్టు వైపు తిప్పి, లారీ మీదికి దించేవాడు. చిత్రమేమిటంటే, వించి నడిపేవాడికి ఓడ కడుపూ కనిపించదు, గట్టూ కనిపించదు. కనిపించేదల్లా రెయిలింగు పక్కన నిలబడ్డ సిగ్నల్‌మన్ చెయ్యి. ఆ మోతలో మాట వినిపించదు కాబట్టి వ్యవహారమంతా చేతుల మీదే నడిచేది. వేలు పైకెత్తి తిప్పితే ఎత్తు. అరచెయ్యి కిందికి పెట్టి ఆడిస్తే దించు. పిడికిలి బిగించి చూపిస్తే ఆపు. ఈ మూడు ముక్కలతో దేశానికి తిండి దిగేది. పక్కనే టార్పాలిన్ నీడలో ఒక పెట్టె మీద కూర్చుని, దిగిన వలకొక గీత చొప్పున పుస్తకంలో గీసే టాలీ క్లర్కుని నేను. నాలుగు గీతలు నిలువుగా, అయిదోది అడ్డంగా. బి.ఏ. పాసయినవాణ్ణి గనక ఆ అడ్డగీతని మిగతావాళ్ళ కంటే తిన్నగా గీసేవాణ్ణి.

సిగ్నల్‌మన్ మా అక్క మొగుడు. తగరపువలస దగ్గర రైతు కుటుంబం. రేవులో నా ఉద్యోగం ఖాళీగా ఉందని మొదట కబురు పెట్టింది ఆయనే. నేనాయన్ని బావా అనేవాణ్ణి, ఆయన నన్ను బావా అనేవాడు (గట్టు మీద నిలబడి ఎవరైనా "బావా" అంటే నలభై తలలు తిరిగేవి, అది వేరే సంగతి). ఆయన నోరు మూసుకుని ఉండగా నేను చూసింది నిద్రలోనే, అదీ పూర్తిగా కాదు. వించి నడిపేది గోదారి బాబాయి. రాజోలు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ముప్ఫై ఏళ్ళుగా వించి మీద కూర్చున్న మనిషి. ఇంకో ఏడాదిలో రిటైరు కావాలి. రోజుకి పది మాటలు మాట్లాడితే అందులో నాలుగు "ఆయ్" లు.

వీళ్ళిద్దరి మధ్యా చిచ్చు పెట్టింది నేను. రోజూ ఒక ఇంగ్లీషు పేపరు చంకలో పెట్టుకుని వచ్చేవాణ్ణి (చదవడానికి కాదు, చంకలో పెట్టుకోవడానికే). ఒకరోజు టీ వేళ బావ దాన్ని లాక్కుని, ఆటల పేజీలో ఒకర్నొకరు గుద్దుకుంటున్న ఇద్దర్ని చూసి "ఈలెవుల్రా బావా?" అన్నాడు. అప్పటికే ఒకసారి తలపడ్డ వీళ్ళిద్దరూ ప్రపంచంలో అందరికంటే గొప్ప బాక్సర్ ఎవరో మళ్ళీ తేల్చుకోబోతున్నారని చదివి చెప్పాను. పేర్లు కూడా చెప్పాను గానీ రేవులో ఎవరి నోటికీ తిరగలేదు. ఒకడు పోటీకి ముందే ఎదుటివాణ్ణి వెక్కిరిస్తూ, బరిలో సీతాకోకచిలకలా తిరిగేవాడు గనక నోరున్నోడు అయ్యాడు. రెండోవాడు మాట్లాడకుండా తల వంచుకుని ముందుకొచ్చి గుద్దేవాడు గనక నోర్లేనోడు అయ్యాడు. బావ ఆలోచించకుండా నోరున్నోడి పక్షం చేరాడు. బాబాయి టీ గ్లాసు కడిగి బోర్లించి "రెండోవాడేనండి" అని వించి ఎక్కేశాడు.

ఆ తర్వాత రెండు నెలలు మా వించి దగ్గర వేరే మాట లేదు. మాలో ఎవరూ ఒక్క బాక్సింగ్ పోటీ కూడా చూసినవాళ్ళం కాదు. వాదనకి అది చాలా ఉపయోగపడింది.

"ఆడు నోటితోనే సగం సంపెత్తాడు బాబాయ్, మిగతా సగమే సేత్తో," అనేవాడు బావ.

"నోటితో గెలిచేదైతే మా ఆవిడెప్పుడో ప్రపంచ చాంపియనండి, ఆయ్."

"మరి ఆ గెంతులు సూడు! కాలు కింద ఆన్తాదా ఆడికి?"

"గెంతులు కావాలంటే తిరనాళ్ళకెళ్ళాలండి. కొట్టుకోడానికొచ్చినోడు కొట్టాలండి."

నా పాత్ర కూడా చెప్పాలి. పేపరు చదవడం వచ్చింది నాకొక్కడికే. బావకి చదివి వినిపించేటప్పుడు నోరున్నోడికి రెండు విశేషణాలు ఎక్కువ పడేవి, బాబాయికి వినిపించేటప్పుడు నోర్లేనోడికి అన్యాయం జరిగినట్టు ఒక నిట్టూర్పు చేరేది. ఇద్దరిలో ఎవరు ఓడిపోయినా నా ప్రాముఖ్యం పోతుందని అంత చిన్న వయసులోనే గ్రహించాను. పాయింట్ల మీద గెలవడం అంటే ఏమిటో మాత్రం ఎవరికీ నచ్చజెప్పలేకపోయాను. (మా నాన్న రైల్వే యార్డులో పాయింట్స్‌మన్, బళ్ళు పట్టాలు మారేచోట దారి మళ్ళించడం ఆయన పని. అందుకని అక్క వంట ఆపి "పాయింట్ల మీద కొట్టుకున్నారా? బండొత్తే?" అంది. ఆ ప్రశ్నకి నా బి.ఏ.లో సమాధానం లేదు.)

వాదన అక్కడితో ఆగితే సరిపోయేది. అది పనిలోకి పాకింది. ఏ గుద్దు ఎలా పడిందో చూపించాలంటే పిడికిలి బిగించాలి కదా. రెయిలింగు దగ్గర బావ పిడికిలి బిగించేసరికి అలవాటు ప్రకారం బాబాయి చెయ్యి వించి ఆపేసేది. వల గాలిలో వేలాడుతుండేది. కింద కూలీలు తలలెత్తి చూసేవాళ్ళు. బావ నాలుక కరుచుకుని అరచెయ్యి ఆడించేవాడు, వించి కదిలేది. ఒక పూటలో ఏడుసార్లు అలా ఆగింది. అప్పటికైనా నేను చెప్పాల్సింది. నవ్వుకుంటూ గీతలు గీసుకున్నాను.

ఆ ఉదయం పేపర్లో వాళ్ళిద్దరూ మళ్ళీ తలపడ్డ వార్త వచ్చింది. నోరున్నోడు గెలిచాడు. అందులోనూ చేతులు రెండూ నడుము దగ్గరికి వదిలేసి, మొహం ఎదుటివాడికి అప్పగించి, కొట్టబోతే తప్పుకుంటూ ఆడాడట. టీ వేళ ఇది చదివితే బాబాయి మొదటిసారి పేపర్నే అనుమానించాడు. "చేతులు వదిలేసినోడి మొహం పగలకుండా ఎలా ఉంటాదండి? ఆ రాసినోడు నిద్రపోయుంటాడండి," అని వించి ఎక్కాడు. తనవాడు గెలిచినా బాబాయిని నమ్మించలేక బావ ముఖం ముడుచుకుని రెయిలింగు దగ్గరికి వెళ్ళాడు. పని మొదలైంది. రావాల్సిన లారీ రాలేదు. వల ఓడ దాటి, గట్టు మీద గాలిలో ఆగి ఉంది. నాకు ఏమీ తోచలేదు. బావ ఇటు చూసినప్పుడు నేను రెండు చేతులూ నడుము దగ్గర పెట్టి, కనుబొమ్మలెగరేసి, "ఎలా? చూపించు" అని సైగ చేశాను.

బావ చూపించాడు. రెండు చేతులూ నడుము దగ్గరికి వదిలి, అరచేతులు కిందికి పెట్టి, వేళ్ళు ఆడిస్తూ, రెయిలింగు పక్కన అటూ ఇటూ గెంతాడు.

అరచెయ్యి కిందికి పెట్టి ఆడిస్తే దించు. రెండు చేతులూ ఆడిస్తే ఏమిటో మా పనిలో ఎవరూ రాసి పెట్టలేదు గానీ, ఇంకా తొందరగా దించమని బాబాయి అర్థం చేసుకున్నాడు. దించాడు.

గట్టు మీద, లారీ ఉండాల్సిన చోట, నీడగా ఉందని మా షిఫ్ట్ ఆఫీసరు తన స్కూటర్ పెట్టుకున్నారు. బుక్ చేసి ఏడేళ్ళు ఎదురుచూస్తే ఆ నెలలోనే వచ్చిన స్కూటర్. సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. పన్నెండు గోధుమ బస్తాలూ దాని మీద చాలా మర్యాదగా కూర్చున్నాయి. పెద్ద చప్పుడేమీ రాలేదు. ఎవరో నిట్టూర్చినట్టు వినిపించింది, అంతే. అప్పుడు బావ కిందికి చూసి, రెండు పిడికిళ్ళూ నెత్తిన పెట్టుకున్నాడు. బాబాయి వెంటనే ఆపాడు.

ఆఫీసరు గారు షెడ్డులోంచి వచ్చి బస్తాల చుట్టూ ఒకసారి తిరిగారు. ఒక పక్కనుంచి హ్యాండిల్ కొస కనిపిస్తోంది. "ఇది నాదేనా?" అన్నారు. "ఏడేళ్ళయ్యా," అన్నారు, ఎవరితోనూ అన్నట్టు కాకుండా.

మర్నాడే ఎంక్వైరీ అన్నారు. నవ్వు అక్కడితో అయిపోయింది. బావది అప్పటికింకా తాత్కాలిక ఉద్యోగం. పర్మనెంటు ఆర్డరు ఆ నెలాఖరుకి రావాలి, దాంతోపాటు పోర్టు క్వార్టరూ రావాలి. అప్పటిదాకా మేం ముగ్గురం ఒకటే గదిలో ఉండేవాళ్ళం, దుప్పటి ఒకటి అడ్డంగా కట్టి, ఇవతల నేను, అవతల వాళ్ళిద్దరూ. పని వేళలో సిగ్నల్‌మన్ గెంతాడని తేలితే పర్మనెంటు మాట అటుంచి, ఉన్నదీ ఊడుతుంది.

"రేపేటని సెప్తావు?" అంది అక్క అన్నం వడ్డిస్తూ.

"ఏటని సెప్పను? బాక్సింగాడినానని సెప్పనా?"

"బాక్సింగేటి, నీ మొకం! కోటర్సు కిటికీలకి కర్టెన్లు కూడా కుట్టీసినాను. ఇప్పుడేటి సేసుకోను, కట్టుకోనా?"

"నాకే బుద్ధి నేదు," అన్నాడు బావ. నేనడిగితేనే చూపించానని అనలేదు. నా వైపు చూడనైనా లేదు. ఆ పూట నేను వంకాయ కూరని చాలా శ్రద్ధగా తిన్నాను.

ఎంక్వైరీలో ముందు నన్నే పిలిచారు. "మీరు పక్కనే ఉన్నారు. చదువుకున్నవారు. ఏం చూశారు?" అన్నారు పెద్దాఫీసరు. "నేను గీత గీస్తున్నానండి," అన్నాను. టాలీ క్లర్కు చెప్పగలిగిన జవాబుల్లో తిరుగులేనిది అదొక్కటే.

తర్వాత బావ లేచాడు. "సార్, నాను సెయ్యి..." అని ఆగాడు. అప్పుడు గోడ పక్కనుంచి, ఎవరూ అడక్కుండానే, గోదారి బాబాయి మాట్లాడాడు.

"ఆయన ఆపమన్నారండి. నేనే దించేశానండి."

"ఎందుకు దించావు?"

"ఎండ కంట్లో పడిందండి."

"పొద్దున ఆ వేళకి ఎండ నీ వీపు వైపు కదయ్యా ఉండేది?"

"నీళ్ళ మీంచి కొట్టిందండి, ఆయ్," అన్నాడు బాబాయి. తల వంచుకుని నిలబడ్డాడు.

కళ్ళు ఆనడం లేదని రాసి బాబాయిని వించి మీంచి దింపేశారు. మిగిలిన ఏడాదీ తాళ్ళ గోడౌన్లో, తెగిన మోకులు అతికే పని. ముప్ఫై ఏళ్ళు ఓడ మీద ఎత్తున కూర్చున్న మనిషిని కిటికీ లేని గదిలో కూర్చోబెట్టారు. బావ ఆ మధ్యాహ్నమే అక్కడికి పరిగెత్తాడు, వెనకే నేనూ. "బాబాయ్, నీ వోడే గొప్పోడు. నాను ఒప్పుకుంటన్నాను," అన్నాడు.

బాబాయి చేతిలోని మోకు కింద పడేశాడు. ఆయనకి కోపం రావడం నేను చూసింది ఆ ఒక్కసారే. "జాలిపడి గెలిపిస్తే ఊరుకోనండి! రెండు నెలల్నించి వాదించి ఇప్పుడు ఒప్పేసుకుంటారా? అలాంటి గెలుపు మావోడికక్కర్లేదండి. కూర్చోండి. వాదించండి."

బావ ముక్కు తుడుచుకుని కూర్చున్నాడు. "ఐతే ఇను బాబాయ్, నీ వోడికసలు కాళ్ళున్నాయా?" అన్నాడు. ఆ ఏడాది పొడుగునా మధ్యాహ్నం క్యారేజీలు ఆ గోడౌన్లోనే విప్పాం.

బావకి ఆర్డరు వచ్చింది, క్వార్టరూ వచ్చింది (కిటికీలు కర్టెన్ల కంటే జానెడు పొడుగు తేలాయి, అక్క కింద వేరే రంగు గుడ్డ అతికింది). పాలు పొంగించిన రోజున మొదటి గ్లాసు బాబాయికే ఇచ్చారు. స్కూటరు కూడా బాగుపడింది. కాకపోతే ఎప్పుడూ కొంచెం ఎడమకి లాగేదని ఆఫీసరు గారు చెప్పేవారు, మా ముగ్గురినీ మార్చి మార్చి చూస్తూ.

బాబాయి రిటైరైన రోజున షెడ్డులో దండ వేసి, చదువుకున్నవాణ్ణని నన్ను మాట్లాడమన్నారు. పావుగంట మాట్లాడాను. రేవు గురించి, శ్రమ గురించి, నోరు విప్పకుండా దెబ్బ కాసేవాళ్ళ గొప్పతనం గురించి. ప్రపంచంలో అందరికంటే గొప్ప బాక్సర్ మన మధ్యనే కూర్చున్నాడని కూడా అన్నాను. చప్పట్లు మోగాయి, బావ వెక్కి వెక్కి ఏడ్చాడు. నలిగిన ఇస్త్రీ చొక్కాలో, తన వాక్యాలకి తనే కరిగిపోతూ నిలబడ్డ ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, ముద్దు కూడా వస్తుంది. భుజం తట్టి కూర్చోబెట్టాలనిపిస్తుంది, ఇంకో వాక్యం అనకముందే.

మాటలయ్యాక టీ ఇచ్చారు. దండ తీసి మడిచి చంకలో పెట్టుకుని బాబాయి నా పక్కకి వచ్చి నిలబడ్డాడు. గ్లాసు ఖాళీ చేసి, కడిగి, బోర్లించి, అప్పుడు అన్నాడు:

"బాగా మాట్లాడారండి. వించి మీంచి అందరి చేతులూ కనపడతాయండి, మీవి కూడానండి. ఇందులో ఒక్క ముక్క ఎంక్వైరీ రోజున మాట్లాడుంటే బాగుండేదండి, ఆయ్."